జహీరాబాదు ప్రాంతంలో స్థానిక కొనుగోలు

స్థానిక కొనుగోలు అనగా ఒక ప్రాంత ప్రజలు తమ రోజువారీ అవసరాలకు కావలసిన తిండిగింజలు, కూరగాయలు, బట్టలు, పనిముట్లు మొదలైనవాటిని వీలైనంతవరకు ఆ ప్రాంతంలోనే పండించినవారి నుండి, తయారు చేసినవారి నుండి, అక్కడి చిన్న వర్తకుల నుండి కొనడం. తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు, ఝరాసంగం, న్యాల్‌కల్, రాయికోడ్ మండలాల పరిసరాలలో ఈ భావన ఆచరణలోకి వచ్చిన తీరు ప్రత్యేకమైనది. ఇక్కడ దళిత మహిళా సంఘాలు తమ గ్రామాలలో పండిన జొన్నలను తమ గ్రామాలలోనే నిల్వ చేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్మే పద్ధతిని 1990వ దశకంలో ప్రారంభించాయి. దీనిని ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థ అని పిలుస్తారు.

ప్రాంతం

ఝరాసంగం ఒక మండల కేంద్రం. ఇక్కడి కేతకీ సంగమేశ్వరస్వామి దేవాలయం ప్రసిద్ధి చెందినది. మహాశివరాత్రి జాతరకు తెలంగాణతో పాటు పొరుగున ఉన్న కర్ణాటక, మహారాష్ట్రల నుండి కూడా భక్తులు వస్తారు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు ఈ మండలం మెదక్ జిల్లాలో ఉండేది. దీనికి సమీప పట్టణం జహీరాబాదు. ఇది హైదరాబాదు నుండి పశ్చిమంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో 65వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్నది.

ఇక్కడి భూములలో ఎర్ర నేలలు, నల్లరేగడి నేలలు రెండూ కలవు. వర్షాధార వ్యవసాయమే ఎక్కువ. జొన్న, కంది, పెసర, మినుము, శనగ, కుసుమ ఇక్కడి సంప్రదాయ పంటలు. కొర్రలు, సామలు, సద్దలు (సజ్జలు), తైదలు (రాగులు) కూడా పండిస్తారు. నీటి వసతి ఉన్నచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. పేద రైతులకు సాధారణంగా ఉండేది గుట్టల వారన ఉన్న సారం తక్కువైన ఎర్ర చెలక భూమి. ఈ వ్యాసంలోని కథ ఆ చెలకలకు సంబంధించినదే.

భావన, ఆర్థిక వివరణ

ఒక వస్తువును కొన్నప్పుడు చెల్లించిన డబ్బు అక్కడితో ఆగిపోదు. దానిని అందుకున్న వ్యక్తి తిరిగి ఖర్చు చేస్తాడు. అతడు కూడా ఆ ఊరిలోనే ఖర్చు చేసినచో అదే రూపాయి మరొక కుటుంబానికి ఆదాయం అవుతుంది. అతడు దూరప్రాంతపు వస్తువును కొన్నచో ఆ రూపాయి ఊరు దాటిపోతుంది. ఆర్థికశాస్త్రంలో దీనిని గుణక ప్రభావం అంటారు. ఈ ప్రభావాన్ని ఒక చిన్న ప్రాంతానికి అన్వయించి కొలిచే సులభమైన పద్ధతిని లండనుకు చెందిన న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే సంస్థ 2000వ దశకం తొలినాళ్ళలో రూపొందించినది. డబ్బు మూడుసార్లు చేతులు మారేవరకు మాత్రమే ఇందులో లెక్కిస్తారు.

ఉదాహరణకు ఒక గ్రామంలో ఒక వ్యక్తి 100 రూపాయలు ఖర్చు చేశాడని అనుకుందాం. ప్రతిసారీ ఆ డబ్బులో 60 శాతం ఊరిలోనే ఉండినచో రెండవ దశలో 60 రూపాయలు, మూడవ దశలో 36 రూపాయలు ఊరిలో తిరుగుతాయి. మొత్తం 196 రూపాయల వ్యాపారం జరుగుతుంది. అదే 20 శాతం మాత్రమే ఊరిలో ఉండినచో 20, 4 రూపాయలు కలిసి మొత్తం 124 రూపాయలే అవుతుంది. ఖర్చు చేసిన మొదటి వంద రూపాయలు రెండు సందర్భాలలోనూ ఒకటే. తేడా అంతా తరువాతి కొనుగోళ్ళలో ఉన్నది. ఈ అంకెలు కేవలం వివరణ కోసం తీసుకున్నవి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి కలదు. దుకాణం ఊరిలో ఉన్నంత మాత్రాన కొనుగోలు స్థానికం కాదు. ఊరి కిరాణా దుకాణంలో దూరప్రాంతపు కర్మాగారంలో తయారైన సబ్బును కొన్నప్పుడు వర్తకుని లాభం మాత్రమే ఊరిలో ఉంటుంది. అదే దుకాణంలో పక్క చేనులో పండిన కందిపప్పును కొన్నప్పుడు రైతుకు, కూలీలకు, పప్పు విసిరినవారికి, వర్తకునికి అందరికీ భాగం చేరుతుంది.

చరిత్ర

స్థానిక వస్తువులనే కొనాలన్న ఆలోచన భారతదేశంలో కొత్తది కాదు. 1905లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా మొదలైన స్వదేశీ ఉద్యమం విదేశీ వస్తువులను బహిష్కరించి దేశీయ వస్తువులను వాడవలసినదిగా పిలుపునిచ్చినది. 1907లో బిపిన్ చంద్రపాల్ తెలుగు ప్రాంతాలలో పర్యటించి చేసిన ఉపన్యాసాల వలన ఈ ఉద్యమం ఇక్కడ బలపడినది. తరువాత గాంధీ నాయకత్వంలో ఖద్దరు ప్రచారం జరిగినది. 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడినది. దీనికి కార్యదర్శిగా పనిచేసిన జె.సి.కుమారప్ప గ్రామ ఆర్థిక వ్యవస్థ గురించి విస్తృతంగా రచనలు చేశాడు. వినియోగదారుడు తాను కొనే వస్తువు వెనుక ఉన్న శ్రమకు, పరిస్థితులకు కూడా బాధ్యుడే అన్నది ఆయన వాదన.

స్వదేశీ ఉద్యమంలో దేశం మొత్తం ఒక ప్రమాణం. జహీరాబాదు ప్రాంతంలో జరిగిన ప్రయత్నంలో ప్రమాణం గ్రామం. ఇక్కడ వదులుకోవలసి వచ్చినది విదేశీ వస్త్రాన్ని కాదు. చౌక ధరల దుకాణంలో దొరికే బియ్యంపై ఆధారపడటాన్ని.

నేపథ్యం: జొన్న నుండి బియ్యానికి

ఈ ప్రాంత ప్రజల ప్రధాన ఆహారం జొన్న రొట్టె, జొన్న గటక. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టినది. దీనివలన పేద కుటుంబాలకు ఆకలి బాధ తగ్గినది. కాని మెట్ట ప్రాంతాలలో అనుకోని ఫలితాలు కూడా కలిగినాయి. చేనులో జొన్న పండించడానికి అయ్యే ఖర్చు కంటే దుకాణంలో బియ్యం చౌకగా దొరకడంతో జొన్న సాగు గిట్టుబాటు కాకుండా పోయినది. సారం లేని చెలకలను పేద రైతులు క్రమంగా బీడుగా వదిలివేశారు.

ఒక భూమి బీడు పడినప్పుడు పంట ఒక్కటే పోదు. కలుపు తీత, కోత, నూర్పిడి వంటి పనులు పోతాయి. ఈ పనులలో ఎక్కువ భాగం స్త్రీలకు దొరికేవి. జొన్న చొప్ప లేకపోవడంతో పశువులకు మేత, పశువులు తగ్గడంతో పొలానికి ఎరువు తగ్గుతాయి. చేనులో వాటంతట అవే మొలిచే తుమ్మికూర వంటి ఆకుకూరలు కూడా లభించవు. దుకాణం నుండి వచ్చే బియ్యం ఒక్కొక్క కుటుంబానికి నెలకు సరిపడినంత ఉండేది కాదు. ముఖ్యంగా పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలపు నెలలలో అప్పులు తప్పేవి కావు.

సామాజిక ధాన్య నిధి

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డిడిఎస్) 1983లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. దీని క్షేత్ర కార్యాలయం జహీరాబాదు మండలంలోని పస్తాపూర్‌లో కలదు. సంస్థ స్థాపకులలో ముఖ్యుడు పి.వి.సతీష్. అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసిన ఆయన 2023 మార్చి 19న మరణించాడు. సుమారు 75 గ్రామాలలో, ఎక్కువగా దళిత మహిళలతో ఏర్పడిన సంఘాల ద్వారా ఈ సంస్థ పనిచేస్తూ వచ్చినది. సంఘాలలోని సభ్యుల సంఖ్య సుమారు 5,000.

1990వ దశకం మధ్యలో ఈ సంఘాలు కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆర్థిక సహాయంతో సామాజిక ధాన్య నిధిని ప్రారంభించాయి. సుమారు 30 గ్రామాలలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూములు దీనివలన తిరిగి సాగులోకి వచ్చాయి. ఆలోచన సరళమైనది: బయటి నుండి బియ్యం తెచ్చి పంచడానికి అయ్యే ఖర్చులో కొంత భాగాన్ని ఇక్కడి భూమిపై పెట్టినచో గింజలు ఇక్కడే పండుతాయి, కూలి ఇక్కడే దొరుకుతుంది.

పని చేయు విధానం

నిధి కింది విధంగా పనిచేసినది.

1. గ్రామ సంఘం బీడు పడిన లేదా సరిగా పండని భూములను గుర్తించి వాటి యజమానులైన చిన్న, సన్నకారు రైతులతో ఒప్పందం చేసుకుంటుంది.

2. దున్నడానికి, పెంట ఎరువు తోలడానికి, విత్తడానికి, కలుపు తీయడానికి రైతుకు విడతలుగా అప్పు అందుతుంది. ఒకేసారి మొత్తం ఇవ్వరు. ప్రతి పని జరిగినదా లేదా అన్నది సంఘం స్త్రీలు చేను వద్దకు వెళ్ళి చూస్తారు.

3. రైతు అప్పును డబ్బుగా కాక గింజలుగా కొన్ని సంవత్సరాలలో తీరుస్తాడు. కావున పంటను అయినకాడికి అమ్ముకొని బాకీ కట్టవలసిన అవసరం ఉండదు.

4. వచ్చిన జొన్నలను ఆ గ్రామంలోనే గుమ్ములలో నిల్వ చేస్తారు. పురుగు పట్టకుండా వేపాకు, బూడిద వాడతారు.

5. గ్రామస్థులు నేలపై తమ ఊరి పటం గీసి, ఇళ్ళన్నింటిని గుర్తించి, ఏ కుటుంబం ఎంత పేదదో అందరి ముందు నిర్ణయిస్తారు. భూమి, పశువులు, ఇంటి స్థితి, పని చేయగల మనుషులు వంటి కొలమానాలను వారే ఎంచుకుంటారు.

6. గింజలు కరువుగా ఉండే నెలలలో ఆయా కుటుంబాలకు వారి పేదరికాన్ని బట్టి నెలకు కొన్ని కిలోల చొప్పున అంగడి ధర కంటే తక్కువకు జొన్నలను అమ్ముతారు. అతి పేదలకు ఎక్కువ గింజలు దక్కుతాయి.

7. అమ్మకం వలన వచ్చిన డబ్బు తిరిగి గ్రామ నిధిలో చేరుతుంది. ఆ డబ్బుతో మరికొన్ని భూములను సాగులోకి తెస్తారు.

ఈ ఏడు అంశాలలో అప్పు ఇచ్చేవారు, పండించేవారు, కూలి చేసేవారు, నిల్వ చేసేవారు, కొనేవారు అందరూ ఒకే ఊరివారు. పైన వివరించిన గుణక ప్రభావానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. కుటుంబాల జాబితా బహిరంగంగా తయారు కావడం వలన దానిని ప్రశ్నించే హక్కు కూడా ఊరివారికి ఉంటుంది. గతంలో గింజల కోసం ఇతరుల ఇళ్ళ వాకిళ్ళలో నిలబడవలసి వచ్చిన దళిత స్త్రీలు ఊరి ధాన్యానికి నిర్వాహకులు కావడం ఈ పద్ధతిలోని ముఖ్యమైన సామాజిక మార్పు.

విత్తనాలు

రోజువారీ ఖర్చులో సాధారణంగా లెక్కకు రానిది విత్తనం. ప్రతి సంవత్సరం దుకాణంలో విత్తనం కొనే రైతు డబ్బు ఊరు దాటి పోతుంది. ఈ ప్రాంతపు సంఘాల స్త్రీలు పచ్చ జొన్న మొదలుకొని అనేక రకాల జొన్న, కంది, కొర్ర, సామ విత్తనాలను ఇళ్ళలో బుట్టలలో దాచి ఉంచుతారు. విత్తనాన్ని అమ్మరు. అవసరమైనవారికి అప్పుగా ఇచ్చి పంట చేతికి వచ్చిన తరువాత తీసుకున్నదానికంటే ఎక్కువగా తిరిగి తీసుకుంటారు. ఈ విధంగా ప్రతి సంవత్సరం నిల్వ పెరుగుతుంది. ఒకే చేనులో అనేక పంటలను కలిపి వేయడం వలన ఒక పంట పోయినా మరొకటి చేతికి వస్తుంది. ఇంటికి కావలసిన గింజ, పప్పు, నూనె ఆ చేనులోనే దొరకడంతో దుకాణంలో కొనవలసినవి తగ్గుతాయి.

పట్టణ వినియోగదారులు

గ్రామ అవసరాలు తీరిన తరువాత మిగిలిన గింజలను అమ్మడానికి జహీరాబాదులో సంఘం దుకాణం ఏర్పాటు చేయబడినది. కొర్రలు, సామలు, జొన్నలతో చేసిన వంటకాలను వడ్డించే కేఫ్ ఎత్నిక్ అనే ఫలహారశాలను కూడా సంస్థ జహీరాబాదులో నెలకొల్పినది. వాహనంలో సరుకులను హైదరాబాదుకు తీసుకువెళ్ళి అమ్మే ఏర్పాటు కూడా చేశారు.

రసాయనాలు వాడకుండా పండించిన పంట అని కొనేవారికి నమ్మకం కలిగించడం అవసరం. బయటి సంస్థల ధ్రువీకరణ ఖర్చుతో కూడినది. చిన్న రైతులు దానిని భరించలేరు. అందువలన సహభాగ హామీ పద్ధతి (పిజిఎస్) అనుసరించబడినది. ఇందులో ఇరుగుపొరుగు రైతులు బృందంగా ఏర్పడి, ఒకరి చేనును మరొకరు పరిశీలించి, హామీ ఇస్తారు. ఒకరు తప్పు చేసినచో బృందం మొత్తానికి చెడ్డపేరు వస్తుంది. ఒకరినొకరు ఎరిగినవారి మధ్య మాత్రమే ఇటువంటి పద్ధతి సాధ్యం. స్థానిక కొనుగోలుకు ఉన్న బలాలలో ఈ పరిచయం ఒకటి.

ఇదే కాలంలో రైతు నేరుగా వినియోగదారునికి అమ్ముకునే ఏర్పాటు ప్రభుత్వ పరంగా కూడా జరిగినది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ప్రారంభమైనాయి. అయితే అవి ప్రధానంగా పట్టణాలలో కూరగాయల అమ్మకానికి ఉద్దేశించినవి. జహీరాబాదు ప్రాంతపు సంఘాలు మాత్రం మొదటి కొనుగోలుదారుగా తమ గ్రామాన్నే ఎంచుకున్నాయి.

జాతర, రేడియో

స్థానిక పంటలను కొనేవారు ఉండాలంటే వాటిపై గౌరవం ఉండాలి. జొన్న రొట్టె పేదల తిండి, అన్నం ఉన్నవారి తిండి అన్న అభిప్రాయం గ్రామాలలో బలంగా ఉండేది. దీనిని మార్చడానికి సంఘాలు ప్రతి సంవత్సరం సంక్రాంతి మొదలుకొని సుమారు నెల రోజులపాటు పాత పంటల జాతరను జరుపుతూ వచ్చాయి. అలంకరించిన ఎడ్లబండ్లలో విత్తనాలను ఊరూరా ఊరేగించి, ప్రతి ఊరిలో రైతులతో చర్చలు జరుపుతారు. పలు సంవత్సరాలలో ఈ జాతర ముగింపు సభ ఝరాసంగం మండలంలోని మాచ్నూర్ గ్రామంలో జరిగినది.

మాచ్నూర్‌లోనే 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైనది. 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారమయ్యే ఈ కేంద్రం భారతదేశంలోని తొలి గ్రామీణ సామాజిక రేడియో కేంద్రాలలో ఒకటి. గ్రామీణ దళిత స్త్రీలే దీనిని నిర్వహించారు. పంటలు, విత్తనాలు, వంటలు, పాటలు ప్రాంతపు మాండలికంలోనే ప్రసారమైనాయి. పిల్లలకు చదువుతో పాటు వ్యవసాయం, చేతిపనులు నేర్పే పచ్చసాలె అనే పాఠశాల కూడా ఈ గ్రామంలోనే నెలకొల్పబడినది.

రోజువారీ ఖర్చులో స్థానిక ఎంపిక

ఈ ప్రాంతపు అనుభవం నుండి సాధారణ కుటుంబానికి ఉపయోగపడే అంశాలు ఇవి.

ఆహారం: ఖర్చులో పెద్ద భాగం ఆహారానిదే కావున మార్పుకు అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. వారంలో కొన్ని పూటలైనా స్థానికంగా పండిన జొన్నలు, కొర్రలు తినడం వలన ఆ పంటకు నిలకడైన గిరాకీ ఏర్పడుతుంది.

నిలకడ: సంవత్సరానికి ఒకసారి పెద్ద మొత్తంలో కొనడం కంటే ప్రతి నెల కొద్దిగా కొనడం చిన్న వర్తకునికి, గానుగ నడిపేవారికి మేలు. నిలకడైన అమ్మకం ఉన్నప్పుడే వారు అధిక వడ్డీ అప్పులు లేకుండా వ్యాపారం సాగించగలరు.

సేవలు: కుమ్మరి, వడ్రంగి, దర్జీ, చెప్పులు కుట్టేవారు, సైకిల్ బాగుచేసేవారు అందుకునే డబ్బు ఎక్కువగా శ్రమకు ప్రతిఫలం. కొత్త వస్తువును కొనడానికి బదులు పాతదానిని బాగుచేయించినప్పుడు డబ్బులో ఎక్కువ భాగం ఊరిలోనే ఉంటుంది.

అంగడి, జాతర: వారపు అంగడిలో, దేవాలయ జాతరలో సరుకు అమ్మేవారిలో అనేకులకు శాశ్వతమైన దుకాణం ఉండదు. అటువంటివారికి కొనుగోలుదారుడు తమ వద్దకు రావడమే పెట్టుబడి.

పరిమితులు, విమర్శలు

స్థానిక కొనుగోలుపై పలు విమర్శలు ఉన్నాయి. మొదటిది ధర. చౌక ధరల దుకాణంలో బియ్యం దాదాపు ఉచితంగా దొరుకుతున్నప్పుడు కూలి పనిచేసే కుటుంబం డబ్బు పెట్టి జొన్నలను కొనవలెనని కోరడం న్యాయం కాదు. కొనే శక్తి లేనివారిపై నైతిక భారం మోపరాదు. ఈ కారణం చేతనే జహీరాబాదు సంఘాలు ప్రజలను ఎక్కువ ధర పెట్టమని అడగలేదు. గింజల ధరను తగ్గించి, పండించేవారికి ముందుగా సహాయం అందించాయి.

రెండవది శ్రమ. జొన్న రొట్టె చేయడం అన్నం వండడం కంటే శ్రమతో కూడినది. చిరుధాన్యాలను దంచడం, పొట్టు తీయడం మరింత కష్టం. ఆ శ్రమ సాధారణంగా స్త్రీలపైనే పడుతుంది. స్థానికంగా చిన్న మరలు ఉన్నచోట మాత్రమే ఈ సమస్య తగ్గుతుంది.

మూడవది, స్థానికమైనవన్నీ మంచివి కావు. సరుకు అప్పుగా ఇచ్చి పంటను చవకగా లాగుకునే వర్తకుడు కూడా ఊరివాడే. కులం కారణంగా కొందరి చేతి సరుకును కొనని ఆచారం కూడా స్థానికమే. కావున ఎక్కడ కొంటున్నాము అన్నదానితో పాటు ఎవరి వద్ద, ఏ షరతులపై కొంటున్నాము అన్నది కూడా ముఖ్యం.

నాలుగవది, కరువు సంవత్సరంలో ఊరంతటికీ ఒకేసారి పంట పోతుంది. అప్పుడు బయటి ప్రాంతాల గింజలే దిక్కు. అందువలన స్థానిక వ్యవస్థ జాతీయ పంపిణీ వ్యవస్థకు తోడుగా ఉండగలదు కాని దానిని పూర్తిగా తొలగించలేదు.

ప్రస్తుత పరిస్థితి

2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా ప్రజా పంపిణీలో చేర్చినది. చిరుధాన్యాలను పంపిణీలో చేర్చవలెనని కోరినవారిలో డిడిఎస్ భాగస్వామిగా ఉన్న మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఒకటి. 2019లో డిడిఎస్‌కు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. దీనివలన నగరాలలో చిరుధాన్యాలకు గిరాకీ, ధర పెరిగినాయి. పండించే రైతుకు ఇది మేలే. కాని వాటిని తినే పేద కుటుంబానికి ధర పెరగడం భారం అవుతుంది.

మరొకవైపు కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి నుండి ఆహార భద్రత చట్టం కింద గింజలను ఉచితంగా ఇస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుండి రేషను కార్డుదారులకు సన్న బియ్యం పంపిణీని ప్రారంభించినది. 1983లో జొన్న సాగు ఎదుర్కొన్న పోటీ ఇప్పుడు మరింత పెద్దది.

భూమి విషయంలో కూడా మార్పులు వచ్చాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో సుమారు 12,600 ఎకరాలలో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి (నిమ్జ్) ఏర్పాటుకు నిర్ణయించి భూసేకరణ చేపట్టారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాలలో జహీరాబాదు ఒకటి. పరిశ్రమల వలన ఉద్యోగాలు, ఆదాయం పెరుగుతాయని ప్రభుత్వాలు చెబుతుండగా, సాగుభూమి తగ్గిపోతుందని రైతులలో కొందరు వ్యతిరేకించారు. ఊరి గింజలను కొనవలెనన్న కోరిక నిలవాలంటే ఊరిలో గింజలు పండే చేను మిగిలి ఉండాలి.

ఇతర దేశాలలో

జపాన్‌లో 1970వ దశకంలో టెయికెయి పేరుతో పట్టణ గృహిణులు, రైతులు నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో 1980వ దశకం మధ్యలో మొదలైన పద్ధతిలో వినియోగదారులు పంట కాలానికి ముందే రైతుకు డబ్బు చెల్లించి, పంటలో వాటా పొందుతారు. పంట నష్టం వచ్చినచో దానిని కూడా పంచుకుంటారు. ఈ రెండింటిలో కొనేవారు పట్టణపు మధ్యతరగతివారు. జహీరాబాదు ప్రాంతపు ప్రయత్నంలో పండించేవారు, కొనేవారు ఇద్దరూ గ్రామీణ పేదలు కావడం దీనిని వాటినుండి వేరు చేస్తున్నది.

ఇవి కూడా చూడండి

ఝరాసంగం
జహీరాబాదు
స్వదేశీ ఉద్యమం
జె.సి.కుమారప్ప
రైతు బజారు
చిరుధాన్యాలు
ప్రజా పంపిణీ వ్యవస్థ